కాగితం మీద నడిచే కర్మాగారం



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం వారు అడిగినప్పుడు రాజుల గురించో, గుడుల గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. వాటిని వ్రాసే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లలో అంకెలు నింపి రిటైరైన గుమస్తాను కనుక నేను అంకెల చరిత్రనే ఎంచుకున్నాను. ఫ్యాక్టరీల్లో సరుకు బాగా తయారు కావడానికి, సకాలంలో చేరవలసిన చోటికి చేరడానికి అంకెలు ఎలా తోడ్పడ్డాయి, అందులో మన తెలుగువారి పాలు ఎంత అన్నదే ఈ వ్యాసం. మన మనుమలు, మనుమరాళ్లు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ‘సిమ్యులేషన్’, ‘డేటా’ అంటూ చేసే ఉద్యోగాలు ఏమిటో కూడా దీనివల్ల కొంత తెలియగలదు.

సిమ్యులేషన్ అంటే కంగారు పడవలసిన పని లేదు. ఒక పనిని నిజంగా చేయకముందే కాగితం మీదనో కంప్యూటరులోనో ఉత్తుత్తిగా నడిపి, ఎక్కడ చిక్కు పడుతుందో చూడటమే సిమ్యులేషన్. పెండ్లికి ముందురోజు రాత్రి ఇంటి పెద్ద కూర్చొని “మొదటి పంక్తికి ఇంతమంది, వడ్డించేవారు ఇంతమంది, రెండో పంక్తి లేచేసరికి అన్నం ఉడుకుతుందా?” అని లెక్క చూసుకోవడం కూడా ఆ జాతిదే.

సగటు చేసే మాయ

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఊహించిన లెక్క. పెన్సిలు తీసుకొని మీరూ వేసి చూడవచ్చు. ఒక చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా ఉంది. చెరకు బండ్లు సరిగ్గా పది నిమిషాలకు ఒకటి చొప్పున వస్తున్నాయి. బండిని తూయడానికి ఒకసారి 5 నిమిషాలు, ఒకసారి 15 నిమిషాలు పడుతుంది. పది బండ్లలో ఐదింటికి 5 నిమిషాలు, ఐదింటికి 15 నిమిషాలు అనుకుందాం. సగటు పది నిమిషాలే. పది నిమిషాలకు ఒక బండి వస్తుంది, పది నిమిషాల్లో ఒక బండి తూగుతుంది. ఇక ఎవరూ ఆగనవసరం లేదని పై అధికారి ఫైలు మీద వ్రాసి సంతకం చేస్తారు.

ఇప్పుడు ఒక్కొక్క బండినీ వరుసగా నడిపి చూడండి. ఎక్కువ సేపు పట్టే ఐదు బండ్లూ ముందే వచ్చాయనుకోండి. మొదటి బండి 15 నిమిషాలు తీసుకుంటుంది. పదో నిమిషంలో వచ్చిన రెండో బండి 5 నిమిషాలు ఆగుతుంది. మూడోది 10, నాలుగోది 15, ఐదోది 20, ఆరోది 25 నిమిషాలు ఆగుతాయి. అక్కడినుంచి తగ్గుతూ ఏడోది 20, ఎనిమిదోది 15, తొమ్మిదోది 10, పదోది 5. మొత్తం కూడితే పది బండ్లూ కలిసి 125 నిమిషాలు ఎండలో నిలబడ్డాయి. తక్కువ సేపు పట్టే ఐదు బండ్లు ముందు వచ్చి ఉంటే ఈ నిరీక్షణ 50 నిమిషాలే. ప్రతి బండికీ కచ్చితంగా పది నిమిషాలే పడితే నిరీక్షణ సున్న.

మూడు పద్ధతుల్లోనూ సగటు ఒక్కటే. రైతుకు కలిగిన కష్టం మాత్రం మూడు రకాలు. నరికిన చెరకు నిలవ ఉన్నకొద్దీ అందులోని తీపి తగ్గుతుందని రైతుబిడ్డలైన మీకు నేను చెప్పనవసరం లేదు. అంటే సగటు చూసి సంతకం చేసిన కాగితానికి నష్టం లేదు, బండి తోలుకొచ్చిన మనిషికి నష్టం. ఆ నష్టాన్ని ముందే కనిపెట్టి, ఒక కాటా పెంచాలా, లేక చెరకు కోతకు ఇచ్చే ఆర్డర్ల వరుస మార్చాలా అని తేల్చడానికే ఈ శాస్త్రం పుట్టింది.

మన కాలువ నేర్పిన పాఠం

ముందుగా లెక్క చూసుకోకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. మైదుకూరు ప్రాంతపు పొలాలను తడిపే కె.సి. కెనాల్ చరిత్ర చూస్తే చాలు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప వరకు సుమారు 190 మైళ్ల ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ 1863లో మొదలుపెట్టి 1871లో ముగించింది. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీళ్లు పారితే రైతులు ఎగబడి తీసుకుంటారని, పన్ను రూపంలో డబ్బు వస్తుందని కంపెనీ ఆశ.

నీళ్లు పారాయి గాని రైతులు ఎగబడలేదు. నల్లరేగడి నేలల్లో జొన్న, ప్రత్తి పండించుకొనే మెట్ట రైతుకు ఆ రోజుల్లో కాలువ నీటితో అంతగా పని లేదు. అనుకున్న ఆయకట్టులో కొద్ది భాగమే సాగైంది. కంపెనీ నష్టపోయి చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కొంది. ఆ కాలువ తర్వాతి తరాలకు కల్పవృక్షమైంది, అది వేరే సంగతి. ఇంజనీర్లు కాలువ వాటం లెక్క కట్టారు, నీటి వేగం లెక్క కట్టారు. ఏ గ్రామంలో ఏ నేల ఎంత ఉంది, ఆ రైతు నీళ్లు అడుగుతాడా అనే లెక్క మాత్రం తప్పింది. ఆ సమాచారం మన కరణాలకు తెలియనిది కాదు.

టెలిఫోను ఫ్యాక్టరీలో ఒక చిన్న పటం

ఫ్యాక్టరీ పనికి అంకెల శాస్త్రాన్ని జోడించిన మొదటివారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన వాల్టర్ షూహార్ట్. టెలిఫోను సామగ్రి తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పని చేస్తూ, 1924 మే 16న తన పై అధికారికి ఒక చిన్న మెమో పంపాడు. అందులో ఒక పటం ఉంది. దానినే నేడు కంట్రోల్ చార్టు అంటున్నారు.

మన వయసువారికి దీనిని రక్తపోటు లెక్కతో చెబితే సులభంగా తెలుస్తుంది. రోజూ బి.పి. చూసుకుంటే ఒకరోజు 130, మరొకరోజు 136, ఇంకొకరోజు 128 వస్తుంది. ఇది మామూలు ఊగిసలాట. ప్రతి రీడింగుకూ కంగారుపడి డాక్టరు దగ్గరకు పరుగెత్తితే డాక్టరుకూ విసుగే, మనకూ భయమే. ఒకరోజు హఠాత్తుగా 180 వచ్చిందంటే, లేక వరుసగా పది రోజులు పెరుగుతూనే ఉందంటే, అప్పుడు ఏదో కారణం ఉన్నదన్నమాట. ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి వస్తువులోనూ ఇలాంటి ఊగిసలాట ఉంటుంది. మామూలు ఊగిసలాట ఏది, కారణం వెతకవలసిన తేడా ఏది అని గీత గీసి చూపించడమే షూహార్ట్ చేసిన పని. ఆ గీత లేనప్పుడు యజమాని ప్రతి చిన్న తేడాకూ కూలివాణ్ణి తిట్టేవాడు, అసలు జబ్బు మాత్రం అలాగే ఉండేది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ లెక్కలు సరుకు రవాణాకూ అక్కరకు వచ్చాయి. అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతుండగా, బ్రిటిష్ శాస్త్రవేత్త బ్లాకెట్, ఆయన సహచరులు పాత దాడుల రికార్డులను ముందు వేసుకొని పరిశీలించారు. ఓడలు చిన్న గుంపుగా పోయినా పెద్ద గుంపుగా పోయినా మునిగే ఓడల సంఖ్యలో పెద్ద తేడా లేదని తేలింది. అలాగైతే పెద్ద గుంపుగా పోతేనే మేలు కదా. దానికోసం ఒక్క కొత్త ఓడ కట్టలేదు, ఒక్క ఫిరంగి కొనలేదు. ఉన్న రికార్డు చదివారు, అంతే. ఈ విద్యకు ‘ఆపరేషన్స్ రీసెర్చ్’ అని పేరు పడింది.

హైదరాబాదుకు, కలకత్తాకు

ఈ రెండు విద్యలూ మన దేశానికి త్వరగానే వచ్చాయి. కలకత్తాలో ప్రొఫెసర్ పి.సి. మహలనోబిస్ 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. ఆయన ఆహ్వానం మీద షూహార్ట్ స్వయంగా 1947–48లో మన దేశానికి వచ్చి ఫ్యాక్టరీల్లో ఈ పద్ధతులను గురించి చెప్పాడు. తరువాత ఇన్‌స్టిట్యూట్ వారు వేర్వేరు నగరాల్లో నాణ్యతా నియంత్రణ విభాగాలు తెరిచి ఫ్యాక్టరీలకు సలహాలు ఇచ్చారు. వాటిలో హైదరాబాదు విభాగం ఒకటి.

ఇక ఆపరేషన్స్ రీసెర్చ్‌కు మన దేశంలో మొదటి విభాగం ఎక్కడ వెలసిందనుకున్నారు? ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. 1949లో మన హైదరాబాదులో, తరువాత రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీగా పేరు పొందిన ప్రయోగశాలలో వెలసిందని ఆ శాస్త్రపు పాఠ్యపుస్తకాలన్నీ చెబుతున్నాయి. కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో అటువంటి విభాగం 1953లో వచ్చింది. రెండవ పంచవర్ష ప్రణాళిక లెక్కలకు మహలనోబిస్ ఈ పద్ధతులనే వాడారు.

దత్తమండలాల బిడ్డ

ఇప్పుడు మన తెలుగువారి వంతు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు, 1920 సెప్టెంబరు 10న హడగలిలో జన్మించారు. ఆ ఊరు నాటి బళ్లారి జిల్లాలోది. మన కడప, కర్నూలు, అనంతపురాలతో పాటు దత్తమండలాల్లో చేరిన జిల్లాయే అది. తండ్రి దొరస్వామి నాయుడుగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. మనలాగే బదిలీల సంసారం కనుక పిల్లవాడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి, ఉద్యోగ ప్రయత్నం మీద కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం దక్కలేదు. దక్కకపోవడమే మంచిదైంది. 1941 జనవరిలో ఆయన మహలనోబిస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1947లో రావుగారు ప్రకటించిన ఒక వ్యాసంలోని అంకెల పట్టికలను ‘ఆర్థోగోనల్ ఎర్రేలు’ అంటారు. పేరు గంభీరమే గాని అందులోని కిటుకు గుమస్తాకు కూడా అర్థమవుతుంది. ఒక బట్టీలో సరుకు సరిగా కాలడం లేదనుకోండి. మన్ను రకం, నీటి పాలు, నిప్పు వేడి, కాల్చే సమయం – ఇలా ఏడు కారణాలు ఉండవచ్చు. ఒక్కొక్కదానిని రెండు రకాలుగా మార్చి చూడాలంటే, అన్ని కలయికలూ పరీక్షించడానికి 128 సార్లు బట్టీ కాల్చాలి. ఏ యజమాని ఒప్పుకుంటాడు? ఆ పట్టిక ప్రకారం తగిన 8 కలయికలు ఎంచుకుంటే చాలు. ఆ ఎనిమిదిలో ప్రతి కారణమూ నాలుగుసార్లు ఒక రకంగా, నాలుగుసార్లు మరొక రకంగా వస్తుంది. ఏ రెండు కారణాలను తీసుకున్నా వాటి నాలుగు జతలూ సమానంగా రెండేసి సార్లు వస్తాయి. కనుక ఒక కారణం తప్పు మరొకదాని నెత్తిన పడదు. కారణాలు ఒకదానితో ఒకటి మరీ ముడిపడి లేనప్పుడు 128 కాల్పుల పని 8 కాల్పుల్లో తెమలుతుంది.

జపానులో గెనిచి టగూచి అనే ఇంజనీరు ఇటువంటి పట్టికలను ఫ్యాక్టరీ మెట్లు ఎక్కించాడు. 1953లో ఇనా అనే టైల్స్ కంపెనీలో బట్టీ లోపల వేడి అన్ని మూలలా ఒకేలా లేక, టైల్సు పెద్దవి చిన్నవిగా వస్తుండేవి. కొత్త బట్టీ కట్టాలంటే చాలా ఖర్చు. ప్రయోగాలు చేసి చూస్తే, మన్నులో సున్నం పాలు 1 శాతం నుంచి 5 శాతానికి పెంచితే వేడి ఎలా ఉన్నా టైల్సు సమంగా వస్తాయని తేలింది. సున్నం చౌక. బట్టీ మార్చలేదు, పాలు మార్చారు. మరుసటి సంవత్సరం, 1954–55లో, టగూచి కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి అక్కడ కొంతకాలం పని చేశాడు. ఆ తరువాత ప్రపంచమంతటా ‘టగూచి పద్ధతి’గా కార్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీలో వ్యాపించిన విద్యకు గణిత పునాదిగా సి.ఆర్. రావుగారి పట్టికలను శాస్త్రజ్ఞులు పేర్కొంటారు. రావుగారికి 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి లభించాయి. అదే సంవత్సరం ఆగస్టు 22న అమెరికాలో, 102 ఏళ్ల వయసులో పరమపదించారు. దత్తమండలాల గడ్డ మీద పుట్టిన ఈయన పేరు మన పిల్లలకు క్రికెటర్ల పేర్లంత బాగా తెలియవలసి ఉంది.

పేకముక్కల నుంచి కంప్యూటరుకు

సిమ్యులేషన్‌కు అసలు ఊపు ఇచ్చినది మాత్రం పేకాట అంటే మన సంఘ సభ్యులలో కొందరు సంతోషిస్తారు. 1946లో స్టానిస్లా ఊలమ్ అనే గణితవేత్త జబ్బుపడి కోలుకుంటూ, కాలక్షేపానికి ఒంటరిగా పేకముక్కలు పేర్చే ఆట ఆడేవాడు. ఆట పూర్తయ్యే అవకాశం ఎంత అని సూత్రాలతో లెక్క కట్టబోతే తెగలేదు. వందసార్లు ఆడి ఎన్నిసార్లు పూర్తయిందో లెక్కపెడితే సరిపోదా అని తోచింది. ఆ ఆడే పనిని కంప్యూటరుకు అప్పగిస్తే అదే ‘మాంటె కార్లో’ పద్ధతి. ఆ తరువాత పదిహేనేళ్లలోపే ఇంగ్లండులో కె.డి. టోచర్ అనే ఆయన ఉక్కు కర్మాగారాన్ని కంప్యూటరులో నడిపి చూసే ప్రోగ్రాం తయారుచేశాడు. 1961లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన జెఫ్రీ గోర్డన్ ఇటువంటి పనికోసమే ఒక కంప్యూటరు భాష తెచ్చాడు. మన దేశంలో మొదటి కంప్యూటరు 1955లో దిగినది కూడా ఆ కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లోనే.

మన జిల్లాలోనే చూడండి. ఎర్రగుంట్ల, చిలమకూరు ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీల్లో బట్టీలోకి పోయే సున్నపురాయి పాళ్లలో కొద్ది తేడా వస్తే సిమెంటు నాణ్యత మారిపోతుంది. అందుకే అక్కడ నమూనాలు తీసి అంకెలు చూడటం నిత్యకృత్యం. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో మొదటి యూనిట్‌తో ఆరంభమై, 2018లో ఆరో యూనిట్ వచ్చేసరికి 1650 మెగావాట్లకు పెరిగింది. బొగ్గు గని మన దగ్గర లేదు. వందల కిలోమీటర్ల దూరం నుంచి రైలు వ్యాగన్లలో రావాలి. బొగ్గు తక్కువైతే కరెంటు పోతుంది, మరీ ఎక్కువ నిలవ పెడితే డబ్బు బొగ్గు కుప్పలో చిక్కుపడుతుంది. ఎన్ని రోజుల బొగ్గు నిలవ ఉండాలి అనే ప్రశ్న, పైన చెప్పిన చెరకు బండ్ల ప్రశ్నకు అన్నగారే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన కియా కార్ల ఫ్యాక్టరీ వంటి పెద్ద కర్మాగారాల కాలంలో ఈ విద్య ఇంకా ముందుకు పోయింది. నేడు అటువంటి కర్మాగారానికి కంప్యూటరులో ఒక నకలు తయారుచేసి, నిజం యంత్రాల నుంచి వచ్చే అంకెలతో దానిని నడిపిస్తూ ఉంటారు. దానికి ‘డిజిటల్ ట్విన్’ అని పేరు, అంటే కవల అన్నమాట.

కవలకు పాలు పోసేది ఎవరు?

ఇంత చరిత్ర చెప్పింది ఒక్క మాట కోసం. ఈ కంప్యూటరు కవల మనం వ్రాసిన అంకెలు తిని బ్రతుకుతుంది. కాటా దగ్గర కూర్చున్న గుమస్తా 15 నిమిషాలు పట్టిన బండికి ‘10’ అని వ్రాస్తే, ఎంత గొప్ప కంప్యూటరైనా క్యూ లేదనే చెబుతుంది. రైతు మాత్రం ఎండలోనే ఉంటాడు.

గుమస్తా అబద్ధం ఎందుకు వ్రాస్తాడు? నా సర్వీసులో ఒక కార్యాలయంలో ఇది కళ్లారా చూశాను, పేరు అనవసరం. నెలాఖరు స్టేట్‌మెంటులో ప్రగతి తగ్గితే మెమో వచ్చేది, పెరిగితే ఎవరూ అడిగేవారు కాదు. ఇంకేముంది? మూడు నెలలు తిరిగేసరికి అన్ని సెక్షన్ల ప్రగతీ చక్కగా, మెట్లు కట్టినట్టు పెరిగింది. రిజిస్టరు కళకళలాడింది. కౌంటరు దగ్గర జనం మాత్రం తగ్గలేదు. దాని ఫలితం ఒక ముసలామె అనుభవించింది. ఆమె దరఖాస్తు ‘పరిష్కరింపబడినది’ అనే కాలమ్‌లో చేరిపోయింది. రికార్డు ప్రకారం పెండింగు లేదు గనుక దానిని ఎవరూ వెదకలేదు. ఆమె ఎండలో మూడు నెలలు తిరిగింది.

షూహార్ట్ శిష్యుడైన డెమింగ్ 1950లో జపాను వెళ్లి అక్కడి పెద్ద పెద్ద పారిశ్రామికవేత్తలకు పాఠాలు చెప్పాడు. కూలివానిలో భయం పోనిదే నిజమైన అంకె పైకి రాదనేది ఆయన బోధలో ముఖ్యమైన భాగం. జపాను వారు కృతజ్ఞతతో ఆయన పేరిట 1951లో బహుమతి నెలకొల్పారు. భారతదేశంలో ఆ బహుమతిని తొలిసారి పొందినది 1998లో మన పొరుగు తమిళనాడుకు చెందిన సుందరం–క్లేటన్ బ్రేకుల విభాగం. షూహార్ట్ మన దేశానికి వచ్చి వెళ్లిన యాభై ఏళ్లకు అది లభించింది. విద్య మనకు ముందే వచ్చింది, మన పట్టికలు జపాను దాకా అక్కరకు వచ్చాయి. కాని మన ఫ్యాక్టరీల్లో అది వేరూనడానికి అర్ధ శతాబ్దం పట్టింది. కారణాలు అనేకం ఉండవచ్చు. నాకు తెలిసిన రంగంలో ఒక కారణం మాత్రం స్పష్టం: తప్పును చూపించే అంకెను మనం తప్పు చేసిన మనిషిగా చూశాం.

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి. ప్రొద్దుటూరు, బద్వేలు, కడప, కర్నూలు దారులు ఇక్కడ కలుస్తాయి. పసుపు, ఉల్లి, వడ్లు ఇక్కడినుంచి లారీలెక్కి పోతుంటాయి. ఏ లారీ ఎంతసేపు ఆగింది, ఏ సరుకు ఎన్ని రోజులు నిలవ ఉండి చెడింది అన్న చిన్న లెక్కలు నిజాయితీగా వ్రాసి పెట్టేవారుంటే, మన పిల్లలు నేర్చిన పెద్ద విద్య మన రైతుకే ఉపయోగపడుతుంది. చెన్నూరు సహకార చక్కెర కర్మాగారం మూతపడిన సంగతి మన జిల్లావాసులందరికీ తెలుసు. అందుకు కారణాలు విచారించడం ఈ వ్యాసం పని కాదు. ఒక కర్మాగారం ఆగితే దాని చుట్టూ ఎన్ని ఊళ్ల పొయ్యిలు మందగిస్తాయో మాత్రం మనం చూసినవాళ్లం.

కనుక నా మనవి రెండు ముక్కలు. ఈ రంగంలో ఉద్యోగం చేసే మీ పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, వాళ్ల కంప్యూటరులోని అంకెలు ఎవరు వ్రాసినవో ఒక్కసారి అడగండి. “తెలియదు తాతయ్యా” అంటే, సెలవు అయిపోయి పోయాక ఒకరోజు కాటా దగ్గర, గోడౌను దగ్గర నిలబడి చూడమని చెప్పండి. రెండవది మనకోసం. ఏళ్ల తరబడి స్టాక్ రిజిస్టర్లు, కాటా పుస్తకాలు, సాగు లెక్కలు వ్రాసిన మన చేతులు చేసింది చిన్న పని కాదు. సరిగా వ్రాసిన ప్రతి అంకె, ఎక్కడో ఒక బండి ఎండలో నిలబడకుండా కాపాడగల అంకె. ఆ సంగతి మన తరువాత ఆ కుర్చీలలో కూర్చున్నవారికి చెప్పవలసిన బాధ్యత మనదే. పెన్షను తీసుకుంటున్నాం గాని ఆ బాధ్యత నుంచి మాత్రం మనం ఇంకా రిటైరు కాలేదు.